గట్టి చేతులు

గుణుపురం ఆసుపత్రి. మంగళవారం. కరెంటు లేని పూట.
సుకాంతి గొమాంగో నా బల్ల ముందు నిలబడింది.
కూర్చోమన్నాను. కూర్చోలేదు.
కూర్చుంటే తొడల మీది గడ్డలు కుర్చీకి ఆనతాయి.

ఒళ్ళంతా కందిపోయిన బుడిపెలు,
రేగుపండంత కొన్ని, కందిగింజంత కొన్ని,
మొహాన, మోచేతుల కింద, పిక్కల మీద.
కొంగు జారి భుజానికి తగిలితే
పళ్ళ సందున సన్నగా ఒక చప్పుడు.

ఎలాంటి నొప్పి?
నా ప్రశ్న తెలుగులో బయల్దేరి
నర్సు అప్పలనరసమ్మ దగ్గర ఒడియా అయి
ఆశా కార్యకర్త మాలతి దగ్గర సవర అయి కొండెక్కింది.
జవాబు అదే దారిన దిగివచ్చింది.
"అసు" అంది ఆమె.
"జొంత్రొణా" అంది మాలతి.
నరసమ్మ కాసేపు ఆగింది:
"నొప్పనాలో సలుపనాలో మంటనాలో తెలీట్లేదు డాక్టరమ్మా,
మూడూ రాసేయండి."

రాశాను.
పదిరోజుల కిందట ఇదే చేత్తో రాసింది
అదే చీటీ మీద పైన కనిపించింది:
అలర్జీ. దురద మాత్రలు, పూతమందు.
ఆ రోజు ఆమెను నేను కుర్చీలోంచి లేవకుండా చూశాను.

వరండాలో అప్పటికే తీర్పులయిపోయాయి.
అమ్మవారు పోసిందని ఒకరు,
పుట్టగొడుగులు పడలేదని ఒకరు,
పలాసలో జీడిపిక్కలు కొడుతుంది కదా
ఆ నూనె చిట్లి కాల్చిందని ఇంకొకరు.
చివరిది నాకూ నచ్చింది.
కానీ జీడి చిట్లితే చేతులు కదా పొక్కాలి,
వీపు మీద ఎందుకు, జ్వరమెందుకు?
చేతులు చూపించమన్నాను.

జీడి మరకలతో నల్లబడ్డ అరచేతులు.
చిటికెన వేలి చివర పాత కాలుడు మచ్చ,
దాని కింద అరచేతి అంచున ఇంకొకటి, కొత్తది.
ఎప్పుడు కాలింది?
మళ్ళీ కొండెక్కి దిగింది ప్రశ్న.
తెలీదట.
కాలినట్టే తెలీదట.
అక్కడ మేస్త్రీ మెచ్చుకునేవాడట,
వేయించే పెనం గుడ్డ లేకుండా దించుతుందని.
గట్టి చేతులని పేరట.
అందరికన్నా రోజుకి పది రూపాయలు ఎక్కువట.

అప్పుడు లేచాను కుర్చీలోంచి.
కనుబొమల చివర్లు రాలిపోయి ఉన్నాయి.
చెవితమ్మెలు నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి.
మోచేయి వెనక వేలు పెట్టి వెతికితే
నరం, చేంతాడులా.
ఆమె అరిచింది.
ఆ ఒక్కటీ నాకు నేరుగా చేరింది.

కళ్ళు మూసుకోమని
పెన్ను మొనతో మోచేతి పైన ముట్టుకున్నాను.
ఇక్కడ, అని వేలు పెట్టి చూపించింది.
అరచేతి అంచున ముట్టుకున్నాను.
చిటికెన వేలి మీద ముట్టుకున్నాను.
ఎదురుచూస్తూ నిలబడే ఉంది,
నేనింకా మొదలుపెట్టలేదనుకుని.

దండాసి చెవితమ్మె గీరి గాజుపలక మీద పూశాడు.
రంగులు వేసి, కడిగి, ఆరబెట్టి,
కిటికీ వెలుగుకి అద్దం తిప్పి చూశాం:
నీలం మీద ఎర్రటి పుల్లలు,
విడివిడిగా కాదు, బీడీకట్టల్లా.
"ఉన్నాయమ్మా" అన్నాడు, నా మొహం చూడకుండా.
ఇన్నేళ్ళూ చప్పుడు చెయ్యకుండా కాపురమున్నాయి.
ఒళ్ళు ఇప్పుడు లేచి తగువు పెట్టుకుంది.
ఆ తగువే ఈ గడ్డలు.

దీన్ని తెలుగులో పెద్దరోగం అంటారు, గొంతు తగ్గించి.
ఒడియాలోనూ పెద్దదనే అంటారు.
నేను ఆ మాట వాడలేదు.
నరాలకి పట్టిన పురుగు అన్నాను,
పన్నెండు నెలల మాత్రలు అన్నాను,
ఈ నొప్పికి వేరే మాత్రలు, రేపటికే కాస్త నిద్ర పడుతుంది అన్నాను.
మాలతి చాలాసేపు చెప్పింది.
ఏ పేరు చెప్పిందో నేనడగలేదు.

సుకాంతి ఒక్కటే అడిగింది.
నరసమ్మ దాన్ని తెలుగులోకి తెచ్చి, తలొంచుకుంది:
"నయమైతే వేడి తెలుస్తాదా అంటోంది.
తెలిస్తే ఆ పది రూపాయలూ పోతాయట."

తెలుస్తుందని చెప్పలేను.
తెలీదనీ చెప్పలేను.
చీటీ మీద అలర్జీని కొట్టేశాను. గీత కింద ఇంకా కనిపిస్తూనే ఉంది.

టీ కుర్రాడు స్టీలు గ్లాసులు తెచ్చాడు.
దండాసి అంచు పట్టుకున్నాడు, నరసమ్మ కొంగుతో పట్టుకుంది,
నాది బల్ల మీదే చల్లారుతోంది.
ఆమె మాత్రం గ్లాసుని
నిండుగా, అరచేతుల మధ్య.